ఎత్తు... ఎక్కడ్నుంచి?

మా నందిగామ వైపు ఇల్లు కట్టడం మొదలుపెడితే తాపీ మేస్త్రి చేసే తొలి పనుల్లో ఒకటి మట్టం గీత కొట్టడం. సన్నటి ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు నింపి, ఒక కొసన మేస్త్రి, ఇంకో కొసన కూలీ నిలబడి నాలుగు మూలలా ఒకే ఎత్తులో గుర్తులు పెడతారు. గుమ్మం, కిటికీ, శ్లాబు అన్నీ ఇక ఆ గీత నుంచే కొలుస్తారు. గీత తప్పు చోట పడిందనుకోండి, ఇంట్లో కొలతలన్నీ ఒకదానికొకటి చక్కగా సరిపోతూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. వానాకాలంలో రోడ్డు మీది నీళ్ళు వరండాలోకి వచ్చిన రోజు తెలుస్తుంది గీత ఎక్కడ కొట్టారో.

విమానంలో ఎత్తు చూపించే ఆల్టీమీటర్ సంగతి అచ్చం ఇదే. కాకపోతే అక్కడ నీళ్ళు వరండాలోకి రావు, విమానమే కొండలోకి పోతుంది. ఇంట్లో కంప్యూటర్ మీద విమానాలు నడిపే మనవాళ్ళు చాలామంది ఈ గీతని సీరియస్‌గా తీసుకోరు. కీబోర్డు మీద బి అనే మీట నొక్కితే సరిపోతుంది కదా అంటారు. ఆ మీట వెనక మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది, కొన్ని వందల ప్రాణాలు కూడా ఉన్నాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు అసలు విషయం. మామూలు ఆల్టీమీటర్ ఎత్తుని కొలవదు. అది కొలిచేది గాలి పీడనాన్ని. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 27 అడుగులు ఎక్కినట్టు లెక్క. అంటే అదొక భారమితి, దాని ముఖానికి అడుగుల డయల్ అంటించారు, అంతే.

చిక్కంతా ఇక్కడే. గాలి ఒత్తిడి ఎత్తు వల్లే మారదు, వాతావరణం వల్ల కూడా మారుతుంది. హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 1742 అడుగుల ఎత్తున ఉంది. మామూలు రోజున అక్కడ రన్‌వే మీద భారమితి పెడితే దాదాపు 950 హెక్టోపాస్కల్స్ చూపిస్తుంది. 2014 అక్టోబర్ 12న విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుఫాను నడిబొడ్డున ఒత్తిడి ఎంతనుకున్నారు? వాతావరణ శాఖ అంచనా అదే 950. అంటే కళ్ళు మూసుకున్న ఆ పరికరానికి బేగంపేటలో ఎండ కాస్తున్న మధ్యాహ్నమూ, సముద్రపు ఒడ్డున తుఫాను నట్టనడుమా ఒకటే. తను కొండెక్కిందా, లేక గాలివానే తన మీదకి వచ్చిందా అన్నది దానికి తెలీదు. ఎవరో ఒకరు బయట్నుంచి చెప్పాలి.

ఈ "బయట్నుంచి చెప్పేవాడు" మొట్టమొదటిసారి కనిపించేది 1648లో. అంతకు కొద్ది ఏళ్ళ ముందు, 1643లో, ఇటలీలో టారిసెల్లి పాదరసం గొట్టం తయారుచేశాడు. (అన్నట్టు మన మేస్త్రీలు స్పిరిట్ లెవెల్‌ని ఇప్పటికీ రసమట్టం అనే అంటారు. పాదరసానికీ మట్టానికీ తెలుగులో చుట్టరికం పాతదే.) కొండెక్కితే ఆ పాదరసం దిగుతుందా అన్నది ఫ్రాన్స్‌లో పాస్కల్‌కి వచ్చిన ప్రశ్న. ఆయన ఒంట్లో బాగుండేది కాదు, అందుకని బావ వరస అయ్యే పెరియేని పురమాయించాడు. 1648 సెప్టెంబర్ 19న పెరియే గొట్టం పట్టుకుని పుయ్ ద డోమ్ అనే కొండ ఎక్కాడు. పాదరసం దిగింది. స్కూల్లో మనకి ఇంతవరకే చెప్తారు.

చెప్పని ముక్క నాకు ఇంకా బాగా నచ్చింది. పెరియే బయల్దేరే ముందు రెండో గొట్టాన్ని కొండ కింద మఠంలో పెట్టి, రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉండమని ఒక సన్యాసికి అప్పజెప్పాడు. కొండ మీద పాదరసం దిగింది ఎత్తు వల్లేనా, లేక ఆ రోజు వాతావరణమే మారిందా అని తేల్చుకోవాలంటే కింద ఒకడు కదలకుండా కూర్చుని చూస్తూ ఉండాలి. ఆ సన్యాసి చూసిన గొట్టం రోజంతా కదల్లేదు. ఈరోజు గన్నవరం టవర్‌లో కూర్చుని పైలట్‌కి ఒత్తిడి అంకె చదివి వినిపించే ఉద్యోగి చేస్తున్నది ఆ సన్యాసి పనే. కొండ కింది రెండో గొట్టం అన్నమాట.

ఆ తర్వాత రెండువందల ఏళ్ళలో పెద్దగా చెప్పుకోవాల్సినది ఒకటే: 1844లో ఫ్రాన్స్‌కే చెందిన విడి, పాదరసం లేకుండా మూసేసిన పల్చటి రేకు డబ్బాతో భారమితి చేశాడు. విమానాలు వచ్చాక పాదరసం గొట్టం మోసుకెళ్ళలేరు కాబట్టి ఈ రేకు డబ్బానే కాక్‌పిట్‌లోకి వచ్చింది. కానీ తొలి రోజుల పరికరాలు మహా మొద్దువి. వంద రెండు వందల అడుగులు అటూ ఇటూ అయినా సూది కదిలేది కాదు. పగలు, కింద నేల కనిపిస్తుంటే పర్లేదు. పొగమంచులో దిగాలంటే మాత్రం దేవుడే దిక్కు.

దాన్ని మార్చినవాడు పాల్ కోల్స్‌మన్, జర్మనీ నుంచి అమెరికా వలస వెళ్ళిన ఇంజనీరు. 1928లో గడియారాల పనితనంతో సన్నటి పళ్ళచక్రాలు వాడి కొన్ని అడుగుల తేడా కూడా చూపించగల ఆల్టీమీటర్ తయారుచేశాడు. దానికి పక్కన ఒక చిన్న కిటికీ, ఒక పిడి. పిడి తిప్పితే కిటికీలో ఒత్తిడి అంకె మారుతుంది, దాంతోపాటు సూదీ జరుగుతుంది. ఇవాళ్టికీ దాన్ని కోల్స్‌మన్ కిటికీ అనే అంటారు. 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో తన సీటు చుట్టూ ముసుగు కప్పుకుని, బయట ఏమీ చూడకుండా, పరికరాల మీదే ఆధారపడి పైకి లేచి, చుట్టు తిరిగి, దిగాడు. ముందు సీట్లో ఇంకో పైలట్ ఉన్నాడు, జాగ్రత్త కోసం. ఆ విమానంలో ఉన్నది కోల్స్‌మన్ ఆల్టీమీటరే. నన్నడిగితే ఆ కిటికీ కనిపెట్టడం సూదిని మెరుగుపరచడం కన్నా పెద్ద విషయం. పరికరం తనకి తెలియనిది ఒకటి ఉందని ఒప్పుకుని, బయట్నుంచి ఇన్‌పుట్ తీసుకోవడానికి ఒక తలుపు పెట్టుకుంది మరి.

సరే, ఆ కిటికీలో ఏ అంకె పెట్టాలి? మూడు జవాబులున్నాయి. మూడిటికీ క్యూతో మొదలయ్యే పేర్లే. ఇవి మోర్స్ కాలం నాటి పొట్టి సంకేతాలు, 1909 ప్రాంతాల్లో బ్రిటిష్ వాళ్ళు ఓడల వైర్‌లెస్ కోసం మొదలుపెట్టిన వరస నుంచి వచ్చినవి. ఈ అక్షరాలకి పూర్తి రూపాలు ఉన్నాయని చెప్పేవాళ్ళు ఉంటారు, అవన్నీ గుర్తుపెట్టుకోవడానికి తర్వాత కల్పించుకున్నవే.

హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానం అనుకుందాం. బేగంపేటలో నిలబడి ఉండగా సూది సున్నా చూపించేలా పెట్టుకుంటే అది క్యూఎఫ్‌ఈ. అంటే ఇంటి మేస్త్రి గీత, ఆ ఊరి వరకే పనికొస్తుంది. గన్నవరం రన్‌వే 82 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, అదే గీతతో అక్కడ దిగితే సూది మైనస్ 1660 చూపిస్తుంది. రెండోది క్యూఎన్‌హెచ్: సూది సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపించేలా పెట్టే అంకె. బేగంపేటలో 1742, గన్నవరంలో 82. మ్యాపుల్లో కొండల ఎత్తులు కూడా సముద్ర మట్టం నుంచే కాబట్టి పోల్చుకోవడం తేలిక. కానీ వాతావరణంతో పాటు ఈ అంకె ఊరూరికీ, గంటగంటకీ మారుతుంది. మూడోది అందరూ కళ్ళు మూసుకుని 1013.25 పెట్టుకోవడం. పైన ఎత్తుల్లో కొండల భయం లేదు, పక్క విమానం భయమే కాబట్టి అందరూ ఒకే తప్పు అంకె పెట్టుకున్నా చాలు, తేడాలు సరిగ్గా ఉంటాయి. ఎక్కేటప్పుడు ఏ ఎత్తులో దీనికి మారాలో అమెరికాలో అంతటా ఒకటే, 18,000 అడుగులు. మన దేశంలో విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది, చార్టు చూసుకోవాలి.

మన జనాలకి తేలిగ్గా చెప్పాలంటే, 1013 అనేది యూటీసీ లాంటిది. క్యూఎన్‌హెచ్ లోకల్ టైమ్. సర్వర్లన్నీ యూటీసీలో మాట్లాడుకోవచ్చు కానీ, ఆఫ్‌షోర్ వాడు కాల్‌లో చేరాలంటే లోకల్ టైమ్‌కి మార్చాల్సిందే. ఆ మార్చే చోటే బగ్గులన్నీ ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

సముద్ర మట్టం అంటున్నాం, ఏ సముద్రం? ఇది కూడా మన దగ్గరి కథే. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ గొలుసుతో నేల కొలవడం మొదలుపెట్టాడు. అదే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే. ఆయన దగ్గర చేరిన కుర్ర సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్‌ని మొదట పంపింది ఎక్కడికనుకున్నారు, మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకే. 1819లో అక్కడ జ్వరాలతో పడకేసి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్ళాడు. హిమాలయ శిఖరానికి పేరైన మనిషి మన మన్యం జ్వరంతో మంచాన పడ్డాడంటే నాకెందుకో కాస్త గర్వంగానే ఉంటుంది :) చివరికి 1909లో దేశం మొత్తానికీ ఒక సగటు సముద్ర మట్టం తేల్చారు. తొమ్మిది రేవుల్లో ఏళ్ళ తరబడి అలల్ని కొలిచి తీసిన లెక్క అది. ఆ తొమ్మిదిలో విశాఖపట్నం ఒకటి, మద్రాసు ఒకటి. రైల్వే స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు కింద రాసి ఉండే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచిందే. (మా నందిగామకి స్టేషనే లేదు, అది వేరే ఏడుపు.)

ఇక మన మెట్ట ప్రాంతం సంగతి. జగ్గయ్యపేట, నందిగామ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయినా మా నోట్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. హైదరాబాద్ బస్సు కోదాడ దాటి, చిల్లకల్లు, నందిగామ, కీసర, కంచికచర్ల మీదుగా విజయవాడ వస్తుంటే ఎక్కడో కొండ దిగుతున్నట్టు అనిపించదు. కానీ దారి మొత్తం మీద నేల పదహారు పదిహేడు వందల అడుగులు కిందకి జారుతుంది. పైన విమానానికీ అంతే. గన్నవరం వెళ్ళే విమానం ఎత్తు తగ్గించుకోవడం మొదలుపెట్టేది ఇంచుమించు మా మెట్ట మీదుగానే. యూటీసీ నుంచి లోకల్ టైమ్‌కి మారే పని, అంటే 1013 తీసేసి గన్నవరం అంకె పెట్టుకునే పని ఆ దిగే దారిలోనే జరగాలి. (గన్నవరం రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్. 2003 సెప్టెంబర్‌లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి అక్కడికి ప్రారంభ విమానం నడపబోతే బయల్దేరేటప్పుడే ఇంజన్‌లో మంటలొచ్చాయి, లోపల వెంకయ్యనాయుడు లాంటి పెద్దలున్నారు. అందరూ క్షేమం. ఆల్టీమీటర్‌తో సంబంధం లేదు, గుర్తొచ్చి చెప్పానంతే.)

ఆ అంకె మార్చకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. బంగాళాఖాతంలో వాయుగుండం, గన్నవరంలో ఒత్తిడి 980కి పడిపోయిందనుకోండి. పైలట్ 1013 లోనే ఉండిపోయాడు. తేడా 33, ఒక్కోదానికి 27 అడుగులు, మొత్తం దాదాపు 890. మబ్బుల్లో సూది "1000 అడుగులు" అంటూ ఉంటే విమానం ఉన్నది సుమారు 110 అడుగుల దగ్గర. రన్‌వే 82 పోగా మిగిలింది ముప్ఫై అడుగులు కూడా లేదు. మనకి ఇది ఊహ కాదు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన రాత్రి తుఫాను కేంద్రంలో ఒత్తిడి 943 దాకా పడిందని అంచనా. ఆ రాత్రి ఎవరూ విమానం నడపలేదు, పోయిన పదివేల ప్రాణాలు నీళ్ళలో పోయాయి. కానీ ఒత్తిడి ఎంత దిగగలదో మన జిల్లా తీరానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఒత్తిడి పడిపోతున్న రాత్రి నిజంగా జరిగిన ప్రమాదం కావాలంటే అమెరికాలో ఉంది. 1995 నవంబర్ 12, కనెక్టికట్‌లో బ్రాడ్లీ విమానాశ్రయం, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1572. గాలివాన, ఒత్తిడి వేగంగా దిగుతోంది. పైలట్ల దగ్గరున్న అంకె పాతబడిపోయింది. దాంతో విమానం వాళ్ళనుకున్న దానికన్నా డెబ్భై అడుగుల పైచిలుకు కిందుంది. కనీస ఎత్తు కన్నా కిందకి దిగడం అనే ఇంకో తప్పు దానికి తోడై, రన్‌వేకి రెండున్నర మైళ్ళ ముందే గుట్ట మీది చెట్లని కొట్టుకుంది. ఇంజన్లు దెబ్బతిన్నా ఎలాగో రన్‌వే దాకా వచ్చి పడ్డారు. ఎవరూ చనిపోలేదు. మన భాషలో స్టేల్ క్యాష్. డేటా కరెక్టే, టైమే తప్పు.

సరిగ్గా ఏడాది తర్వాత, 1996 నవంబర్ 12న, ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది పోయారు. అక్కడ తప్పు ఒత్తిడి అంకెది కాదు, ఎత్తు అంకెది. కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు, ఎదురొచ్చే సౌదీ విమానానికి 14,000 అని చెప్పారు. కజక్ విమానం 15,000 దగ్గర ఆగకుండా ఇంకా దిగిపోయింది. ఆ విమానంలో ఏటీసీతో మాట్లాడే రేడియో ఆపరేటర్ ముందు సొంత ఆల్టీమీటర్ లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాల్సిందే. విన్నవాడికి కనిపించదు, కనిపించేవాడు వినట్లేదు. ఢిల్లీ రాడార్‌కి అప్పట్లో విమానాల ఎత్తు కనిపించేది కాదు. ఇలాంటి సిస్టమ్ డిజైన్‌ని మనం రివ్యూలో చూస్తే ఊరుకుంటామా?

అన్నిటికన్నా నాకు నిద్ర పట్టనివ్వని కేసు మాత్రం పారిస్‌ది. 2022 మే 23. స్టాక్‌హోమ్ నుంచి వస్తున్న ఎయిర్‌హబ్ వాళ్ళ ఎయిర్‌బస్ ఏ320, చార్లెస్ డి గాల్‌లో దిగుతోంది, వర్షం, మబ్బు. అసలు ఒత్తిడి 1001. కంట్రోలర్ 1011 అని చెప్పింది. పైలట్ 1011 అని తిరిగి చదివాడు. రీడ్‌బ్యాక్ సరిగ్గా ఉంది! ఇంకో విమానానికి ఫ్రెంచ్‌లో మాట్లాడినప్పుడు అదే కంట్రోలర్ 1001 అని సరిగ్గానే చెప్పింది, కానీ వీళ్ళకి ఫ్రెంచ్ రాదు. ఆ రన్‌వేకి ఐఎల్‌ఎస్ పనిచెయ్యట్లేదు. జీపీఎస్ దారి వాడారు, కానీ ఆ దారిలో కిందకి దిగే వాలు లెక్క మాత్రం ఆల్టీమీటర్ నుంచే తీసుకుంటుంది. కాబట్టి కాక్‌పిట్‌లో అన్ని స్క్రీన్లూ "అంతా బాగుంది" అన్నాయి, విమానం మాత్రం 280 అడుగులు కిందుంది. రన్‌వేకి ఇంకా మైలు దూరం ఉండగా నేలకి ఆరంటే ఆరు అడుగుల ఎత్తుకి వచ్చి మళ్ళీ పైకి లేచారు. తిరిగొచ్చి రెండోసారి కూడా అదే 1011తో దిగడం మొదలుపెట్టారు. ఈసారి మబ్బు కింద రన్‌వే లైట్లు కనిపించడంతో కళ్ళతో చూసి సరిచేసుకున్నారు. ఒక్క అంకె. మేస్త్రి గీత తప్పు పడ్డ ఇంట్లో కొలతలన్నీ సరిపోయినట్టే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో ఉచ్చు కూడా ఉంది. అక్కడ ఒత్తిడి అంగుళాల్లో చెప్తారు, ప్రామాణికం 29.92. వేరే దేశంలో కంట్రోలర్ "తొమ్మిది తొమ్మిది రెండు" అంటే అది 992 హెక్టోపాస్కల్స్, అంటే 29.29 అంగుళాలు. అలవాటు కొద్దీ 29.92 పెట్టుకుంటే దాదాపు 570 అడుగులు కింద ఉంటారు.

ఇప్పుడు మన కంప్యూటర్ విమానాలకి వద్దాం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటి వెర్షన్ 1982లో వచ్చింది. అందులో మనతో మాట్లాడే ఏటీసీ 2002 వెర్షన్‌తో మొదలైంది. నిజం మనుషులే కంట్రోలర్లుగా కూర్చునే ఐవావో 1998లో, వాట్‌సిమ్ 2001లో పుట్టాయి. బి మీట సంగతి తెలిసిందే, నొక్కగానే విమానం ఉన్న చోటి ఒత్తిడిని సిమ్యులేటర్ తనే కిటికీలో పెట్టేస్తుంది. మఠంలో సన్యాసి అక్కర్లేదు, రీడ్‌బ్యాక్ అక్కర్లేదు. పరికరానికి తెలియనిది ఏదీ లేదన్నట్టు నటిస్తుంది. ఆటగా ఆడేవాళ్ళకి సరే. రేపు లైసెన్స్ కోసం వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు కూడా ఇదే అలవాటు చేసుకోవడం నాకు నచ్చదు. విని, తిరిగి చదివి, చేత్తో తిప్పి, సూది నమ్మదగ్గ చోటుకి వచ్చిందా అని చూసే నాలుగు పనులకీ బదులు ఒక మీట నేర్పిస్తున్నాం.

నెట్‌వర్క్‌లో మనిషి ఏటీసీతో ఎగిరేటప్పుడు ఇంకో తమాషా. మీ సిమ్యులేటర్ వాతావరణం అరగంట క్రితం దించుకున్నది, కంట్రోలర్ చదివేది ఇప్పుడే వచ్చిన మెటార్. ఆయన చెప్పిన అంకె నిజం ప్రపంచానికి కరెక్టే, మీ కంప్యూటర్‌లోని ప్రపంచానికి కాదు. అప్పుడు ఎవరి మాట వినాలి? ఏటీసీ మాటే వినాలి, కానీ ముందు మీ వాతావరణాన్ని రిఫ్రెష్ చేసుకుని ఇద్దరూ ఒకే ప్రపంచంలోకి రావాలి. బి నొక్కి దాటేస్తే తేడా ఉందన్న సంగతే మీకు తెలీదు.

కాబట్టి ఈ వీకెండ్ శంషాబాద్ నుంచి గన్నవరం ఎగరాలనుకుంటే, బి మీట జోలికి పోకుండా ఒక్కసారి ఇలా చెయ్యండి. నేల మీద ఉండగానే చెప్పిన క్యూఎన్‌హెచ్ పెట్టి సూది 2024 అడుగుల దరిదాపుల్లో ఉందో లేదో చూడండి, శంషాబాద్ ఎత్తు అది. చార్టులో చెప్పిన ఎత్తు దాటగానే 1013. దిగేటప్పుడు, చార్టు మారమన్న చోట, గన్నవరం అంకె విని, తిరిగి చదివి, రెండు ఆల్టీమీటర్లలోనూ పెట్టి, రెండూ ఒకే మాట చెప్తున్నాయా చూడండి. అంకె మెటార్‌లో ఉన్నదేనా అని విడిగా పోల్చండి, పారిస్ వాళ్ళు చెయ్యలేకపోయింది అదే. చక్రాలు నేలని తాకి ఆగాక సూది 82 దగ్గర ఉండాలి. లేకపోతే ఇంకో ఫ్లైట్ మొదలుపెట్టే ముందు ఆ తేడాని 27తో భాగించి చూడండి, ఎన్ని హెక్టోపాస్కల్స్ ఎక్కడ పోయాయో దొరుకుతుంది.